ఉతకని చీర

రాహేలమ్మగారిని ప్రశ్న అడగడానికి మా పేటలో చాలామంది వెనకాడతారు. ఆవిడ కోప్పడతారని కాదు. ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. దేవుడు నా ప్రార్థన వినడం లేదని ఏడ్చుకుంటూ వచ్చిన ఒకామెని, చెవులు సరిగా వినపడని ఓ ముసలాయనకి వారం రోజులు పేపరు చదివి వినిపించమన్నారు. ఆమె వినిపించింది. ఆ తర్వాత మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు. ఎందుకు అడగలేదో మాకెవరికీ చెప్పనూ లేదు. నలభై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీ రాహేలమ్మగారు. ఇప్పుడు డెబ్భై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. అయినా మందిరం పక్కనున్న ఒంటిగది ఇంటి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి పురమాయిస్తూనే ఉంటారు.

కిందటి ఆగస్టులో అలా వెళ్ళినదాన్ని నేను. ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే ముందు కుళాయి దగ్గర జరిగింది చెప్పాలి.

మా పేటకి పొద్దున్న ఏడింటికి నీళ్ళొస్తాయి, ఎనిమిదికి ఆగిపోతాయి. ఆ రోజు వరసలో నా ముందు నాగరత్నం బిందె ఉంది. మూడేళ్ళ కిందట నాగరత్నం, మా అమ్మ సువార్తమ్మ రొయ్యల షెడ్డులో పక్కపక్కన నిలబడి రొయ్యలు ఒలిచేవాళ్ళు. ఒక రోజు ఒలిచిన రొయ్యలు ఒక గిన్నెడు కనపడలేదు. సువార్తమ్మ క్యారేజీలో పెట్టుకోవడం నేను చూశాను అని నాగరత్నం అంది. అమ్మ క్యారేజీ తెరిచి చూపించబోతే, "ఈపాటికి ఎక్కడో దాచేసుంటావులే" అన్నాడట సూపర్‌వైజరు. పదిహేనేళ్ళుగా చేస్తున్న పని ఆ పూటతో పోయింది. పని పోతే పోయింది, ఆ తర్వాత అమ్మ గుమ్మం దాటడం మానేసింది. ఆదివారం మందిరానికి కూడా రాదు. "నన్ను చూసి ఎవరి సంచి వాళ్ళు దగ్గరికి లాక్కుంటారే" అంటుంది. ఆ నాగరత్నం ఏడాదిగా మా మందిరానికి వచ్చి వెనక చాప మీద కూర్చుంటోంది. ఆమె కూర్చున్న వైపు నేను తల తిప్పను.

ఆ పొద్దున్న ఆమె బిందెని కాలితో తన్నాను. అనుకుని తన్నలేదు, తన్నాక మాత్రం బాగానే అనిపించింది. బిందె దొర్లుకుంటూ వెళ్ళి మురుగుకాలవలో పడింది. "ఏమ్మా హెప్సిబా, కొత్త జన్మలో కాళ్ళు బాగా లేస్తున్నాయే!" అంది మా ఎదురింటి చిట్టెమ్మత్త. నేను ఈస్టరు మర్నాడే బాప్తిస్మం తీసుకున్నాను, నిండా నాలుగు నెలలు కాలేదు. అందరూ నవ్వారు. నాగరత్నం నవ్వలేదు, తిట్టలేదు. బిందె పైకి తీసి, సొట్ట పడిన చోట చేత్తో ఒకసారి రుద్ది, వరస చివరికి వెళ్ళి నిలబడింది. అలా నిలబడడమే నన్ను ఎక్కువ మండించింది.

ఇంటికి వెళ్ళలేక రాహేలమ్మగారి అరుగు మీద కూలబడ్డాను. "అమ్మగారూ, నన్ను నీళ్ళల్లో ముంచినప్పుడు పాత హెప్సిబా చచ్చిపోయిందన్నారు పాస్టరుగారు. మరి ఇవాళ బిందె తన్నిందెవరండి? యేసయ్యలా బతకమంటారు. ఆయన దేవుని కుమారుడు, నేను రొయ్యలు ఒలిచే సువార్తమ్మ కూతుర్ని. నాలాంటిది ఎలా బతుకుద్దో చెప్పండి, లేకపోతే నావల్ల కాదని అయినా చెప్పండి."

ఆవిడ తోటకూర ఏరుతున్నారు. తల ఎత్తకుండా, "చీర ఎక్కడుంది?" అన్నారు.

మా సంఘంలో ఆడవాళ్ళ బాప్తిస్మానికి ఒకే ఒక్క చీర ఉంది. అంచు లేని తెల్లని ముతక నూలు చీర. ముప్పై ఏళ్ళుగా కాలవలో దిగిన ఆడమనిషల్లా అదే కట్టుకుని దిగింది. దానికో కట్టుబాటు ఉంది. కట్టుకున్నామె దాన్ని ఇంటికి తీసుకెళ్ళి, ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి దగ్గరుంచుకోవాలి. తర్వాత ఎవరికి బాప్తిస్మం కుదిరితే వాళ్ళకి తీసుకెళ్ళి తన చేతులతోనే కట్టాలి. ఈస్టరు నుంచి చీర నా దగ్గరే ఉంది.

"ఇంట్లో ఉందండి, పెట్టెలో" అన్నాను.

"వచ్చే ఆదివారం నాగరత్నానికి బాప్తిస్మం. నిన్ననే ఖాయం చేశారు. తీసుకురా."

ఇంటికి వెళ్ళి పెట్టె తెరిచాను. అప్పుడు బయటపడింది నా నిర్వాకం. నేను ఆ చీరని ఉతకలేదు. బాప్తిస్మం నాడు పిండి, నీడలో ఆరేసి, మడతపెట్టి, పైన బైబిలు పెట్టి దాచుకున్నాను. నా పాపాలు పోయిన నీళ్ళు కదా, వాటిని మళ్ళీ సబ్బు పెట్టి పోగొట్టుకోవడమేమిటి అనుకున్నాను. మొదట్లో కోపం వచ్చినప్పుడల్లా పెట్టె తెరిచి దాన్ని తాకి చూసుకునేదాన్ని. తర్వాత తెరవడం మానేశాను. ఇప్పుడు తెరిస్తే ముక్కిపోయిన వాసన కొట్టింది. మడతల వెంట బురద చారలు పసుప్పచ్చగా గట్టిపడ్డాయి. కొంగు నిండా ఆవాలు చల్లినట్టు నల్లటి బూజు చుక్కలు.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ చీర లేకుండా కాలవలో దిగిన ఆడమనిషి మా సంఘంలో ఇంతవరకు లేదు. నాగరత్నం మొదటిదవుతుంది. ఈమెని సంఘం సరిగ్గా చేర్చుకోలేదు అన్నట్టు ఆ సంగతి అందరికీ కలకాలం గుర్తుండిపోతుంది. నా చెయ్యి మాత్రం కదపక్కర్లేదు. చంకలో పెట్టుకుని తీసుకెళ్ళి ఆవిడ ముందు పరిచి, దిగులు మొహం పెట్టి, "ఇదిక పనికిరాదండి అమ్మగారూ" అన్నాను.

"అని చీర చెప్పిందా?" అన్నారు రాహేలమ్మగారు. కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. "ఎందుకు ఉతకలేదే?"

"ఆ నీళ్ళు అందులో ఉన్నాయని."

ఆవిడ నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. ఉన్న నాలుగు పళ్ళూ కనపడ్డాయి. "ఓసి పిచ్చిదానా, అవి కాలవ నీళ్ళే! పై రేవులో గేదెల్ని కడుగుతారు." కళ్ళు తుడుచుకుని, "లే. మీ వీధిలో ఎవరింట్లో పుల్లమజ్జిగ ఉందో కనుక్కో" అన్నారు.

బుధవారం మొదలుపెట్టి శుక్రవారం దాకా ఆ చీరతోనే ఉన్నాం. రెండు పూటలు పుల్లమజ్జిగలో నానబెట్టాం. సోడా వేసి ఉడికించాం. నిమ్మచెక్కకి ఉప్పద్ది ఒక్కో చుక్క మీదా రుద్దాం. మోకాళ్ళు వంగని మనిషి, పీట వేసుకుని కొంగు ఒక వైపు పట్టుకున్నారు, నేను రెండో వైపు. రుద్దుతున్నంతసేపూ నేను నాగరత్నాన్ని తిడుతూనే ఉన్నాను. ఆవిడ వద్దనలేదు. "తిడితే తిట్టు, చెయ్యి మాత్రం ఆపకు" అన్నారు. ఒక మచ్చ దగ్గర నా గోరు విరిగింది. "ఇది పోదండి" అన్నాను విసిగిపోయి. "పోకపోతే పోనీ. దాని పక్కదాన్ని చూడు" అన్నారు.

గురువారం మధ్యాహ్నం నా ఓపిక నిజంగానే అయిపోయింది. "కట్టడానికి ఇంకెవర్నైనా పెట్టండి అమ్మగారూ. ఉతుకుతాను, గంజి పెడతాను, ఇస్త్రీ చేస్తాను. ఆమె కాళ్ళ దగ్గర మాత్రం కూర్చోలేను." చీర కట్టేవాళ్ళు కుచ్చిళ్ళు సర్దడానికి కింద కూర్చోవాల్సిందే, ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే.

ఆవిడ చీర వదిలి చేతులు తుడుచుకున్నారు. "యేసయ్య శిష్యుల కాళ్ళు కడగడానికి తువాలు కట్టుకుని, పళ్ళెం పట్టుకుని కూర్చున్న రోజున అక్కడ పన్నెండు జతల కాళ్ళున్నాయి. తనని పట్టించబోయే యూదావి వదిలేశాడని ఎక్కడైనా రాసుందా?"

"లేదు."

"నేనూ వెతికాను" అన్నారు రాహేలమ్మగారు. "నా కాలంలో నాకూ ఒకామె ఉండేది. వదిలేశాడని దొరికితే బాగుండునని చాలాసార్లు వెతికాను. దొరకలేదు." మళ్ళీ కొంగు అందుకున్నారు. ఆ ఒకామె ఎవరో నేను అడగలేదు.

ఆదివారం పొద్దున్నే కాలవ గట్టు మీద నలుగురు ఆడవాళ్ళు దుప్పట్లు పట్టుకుని చాటు కట్టారు. లోపల నాగరత్నం లంగా జాకెట్టుతో నిలబడి ఉంది. నా చేతిలో చీర చూసి గోడకి ఆనుకోబోయినట్టు వెనక్కి జరిగింది. అక్కడ గోడ లేదు, దుప్పటి ఉంది. "మీద పడకే!" అని అరిచింది దుప్పటి పట్టుకున్న చిట్టెమ్మత్త.

"నువ్వా కట్టేది? వద్దులే హెప్సిబా, నేనే చుట్టుకుంటాను" అంది నాగరత్నం.

"కట్టుబాటు" అన్నాను. మూడేళ్ళలో ఆమెతో నేను మాట్లాడిన మొదటి మాట అది.

చుట్టు తిప్పాను, కుచ్చిళ్ళు పోశాను, దోపాను. పైన ఉన్నంతవరకు ఆమె మొహం చూడకుండా గడిచిపోయింది. ఇక కింద కూర్చోక తప్పలేదు. కూర్చున్నాక ఆమె పాదాలు చూశాను. వేళ్ళ సందులు తెల్లగా నాని, ఒరిసి, పగిలి ఉన్నాయి. షెడ్డులో పొద్దస్తమానం ఐసు నీళ్ళల్లో నిలబడేవాళ్ళ పాదాలు అలాగే ఉంటాయి. పదిహేనేళ్ళు రోజూ నేను కొబ్బరినూనె రాసిన అమ్మ పాదాలూ అవే. నాగరత్నానికి కూడా పాదాలుంటాయని, అవి అలా ఉంటాయని నాకెప్పుడూ తోచలేదు. కుచ్చిళ్ళ అంచు ఆ పగుళ్ళకి తగలకుండా కొంచెం పైకి సర్దాను. అది మంచితనంతో చేయలేదు, అలవాటుతో చేతులు చేసేశాయి.

"నేను చూడలేదు" అంది పైనుంచి నాగరత్నం. నెమ్మదిగా, నాకొక్కదానికే వినపడేట్టు.

నేను తల ఎత్తాను.

"మీ అమ్మని. ఆ రోజు. నేనేం చూడలేదు, చూశానన్నాను. సూపర్‌వైజరు నా వైపు చూశాడు, నా పక్కనున్న మనిషి పేరు నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

నా చేతిలో కుచ్చిళ్ళు నలిగిపోయాయి. వాటిని ఒక్క గుంజు గుంజితే చీరంతా ఊడి కింద పడుతుంది. ఆ ఆలోచన వచ్చిందని ఒప్పుకోవాలి. వచ్చింది, కాసేపు ఉంది కూడా. "తొందరగా కానీండే తల్లీ, చేతులు పడిపోతున్నాయి!" అంది చిట్టెమ్మత్త. నేను నలిగిన మడతలు ఒక్కొక్కటే మళ్ళీ తీర్చి, పిన్ను పెట్టి లేచాను. కొంగు ఆమె నడుము చుట్టూ తిప్పి గట్టిగా దోపాను. కొంగు చివర ఒక చుక్క పోలేదు, అలాగే ఉంది.

పాస్టరుగారు నడుము లోతు నీళ్ళల్లో నిలబడి ఉన్నారు. నాగరత్నం దిగింది. పాట మొదలైంది. ఆమె మునిగి లేచింది. మామూలుగా అయితే పైకి వచ్చిన మనిషిని చాటులోకి తీసుకెళ్ళి పొడి బట్టలు ఇస్తారు. ఆమె చాటులోకి రాలేదు. నీళ్ళు ఓడుతూ తిన్నగా నా దగ్గరికి వచ్చి, "మీ అమ్మ ఇంట్లోనే ఉందా?" అంది. ఉందన్నట్టు తలాడించాను. ఇంకేమీ అనకుండా, అదే తడిచీరతో, అందరూ చూస్తుండగా మా వీధి వైపు నడిచింది.

నేను కదల్లేదు. నాగరత్నం గొంతు వింటే అమ్మ గడియ తీయదని నాకు తెలుసు. ఆమె ఎంతసేపు పిలిచినా ఆ తలుపు తెరుచుకోదు. నేను వెళ్ళి, అమ్మా నేనే అంటేనే తెరుచుకుంటుంది. నాగరత్నాన్ని కాసేపు బయట నిలబెట్టాలని, పేటంతా చూడాలని నాకు ఉంది. అమ్మ ఆ మాట వినాలనీ ఉంది. రెండూ ఒకేసారి ఉన్నాయి.

రాహేలమ్మగారు గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను. "కోపం పోలేదండి అమ్మగారూ" అన్నాను. "చీర కట్టాను. ఒప్పుకోవడం కూడా విన్నాను. అయినా ఇంకా ఉంది. ఇది పోకుండా నాది కొత్త బతుకు ఎలా అవుద్దండి?"

ఆవిడ నా మొహం వైపు చూడలేదు. గట్టు దిగి మా వీధిలోకి తిరిగే సిమెంటు రోడ్డు మీద, నాగరత్నం నడిచిన దారి పొడుగునా తడి పాదాల గుర్తులు వరసగా ఉన్నాయి. దగ్గరివి అప్పుడే అంచుల్లో పాలిపోతున్నాయి.

"ఎండెక్కుతోంది" అన్నారు రాహేలమ్మగారు. "అవి ఆరకముందే వెళ్ళు."