రాఘవులు గారి పద్నాలుగో నిబంధన

వీరరాఘవులు గారికి అన్నీ ఉన్నాయి. అవి ఎవరి చేతిలో పెట్టాలో మాత్రం తేలడం లేదు.

పద్దెనిమిదేళ్ళప్పుడు సమ్మెట భుజాన వేసుకుని చీమకుర్తి క్వారీలో దిగిన మనిషి ఆయన. అరవై తొమ్మిదో ఏడు వచ్చేసరికి నాలుగు క్వారీలు, ఒక పాలిష్ ఫ్యాక్టరీ, ఒక కోల్డ్ స్టోరేజీ ఆయన మాట మీద నడుస్తున్నాయి. మాట మీద అంటే నిజంగానే మాట మీద. ఫ్యాక్టరీలో చీపురు కొనాలన్నా ఆయనకు ఫోను రావలసిందే.

తన కళ్ళముందే రెండు పెద్ద కుటుంబాలు పంపకాల్లో కోర్టుల పాలయ్యాయి. తన ఇల్లు అలా కాకూడదని రాఘవులు పంతం పట్టాడు. హైదరాబాదు నుంచి లాయర్లను పిలిపించి, ఆరు నెలలు కూర్చోబెట్టి, కుటుంబ ఫౌండేషన్ పత్రం ఒకటి రాయించాడు. ఆస్తి మొత్తం ఫౌండేషన్‌ది. పిల్లలు అందులో సభ్యులు. వచ్చినదాంట్లో కొంత ఇంటికి, కొంత క్వారీ కూలీల పిల్లల చదువులకి. ఆలోచన బంగారం లాంటిది. ఎవరూ కాదనలేదు.

చిక్కంతా పద్నాలుగు, పదిహేను నిబంధనల దగ్గర వచ్చింది. ఆయన బతికున్నంతకాలం ఆయన సంతకం లేకుండా ఏ కాగితమూ కదలకూడదని పద్నాలుగోది చెబుతుంది. ఆయన పోయాక కూడా, ఆయన రాయించినదాంట్లో వందేళ్ళ దాకా ఎవరూ అక్షరం మార్చకూడదని పదిహేనోది. చచ్చిపోయినా కుర్చీ దిగనని రాతకోతలతో సహా చెప్పిన మనిషిని నేనైతే ఇంకెక్కడా చూడలేదు.

కొడుకు గిరిధర్ పత్రం తెరవకుండానే, "సరే నాన్నా" అన్నాడు. ముప్పై అయిదేళ్ళుగా అతను అంటున్న మాట అదొక్కటే.

కూతురు హైమ మాత్రం తొంభై రెండు పేజీలూ చదివింది. పదకొండేళ్ళుగా ఫ్యాక్టరీ చూసుకుంటున్నది ఆమే. రంపం చప్పుడు విని బ్లేడు ఎంత అరిగిందో చెప్పగలదు. పత్రం మూసి తండ్రి ముందు పెట్టింది.

"నాన్నా, ఇందులో నా పేరు పదకొండు చోట్ల ఉంది. నా చేతికి పని ఒక్కచోటా లేదు. నేను సంతకం పెట్టను."

"అన్నీ మీ కోసమే గదమ్మా రాయించింది."

"మా కోసం రాయించావు. మమ్మల్ని నమ్మి రాయించలేదు. బెంగుళూరు కంపెనీ వాళ్ళు ఉద్యోగానికి పిలుస్తున్నారు. ఒకటో తారీఖున పోయి చేరతా."

ఒకటో తారీఖుకి ఇక తొమ్మిది రోజులుంది. హైమ వెళ్ళిపోతే ఫౌండేషన్‌లో మిగిలేది కాగితాలేనని రాఘవులుకు తెలుసు. తెలిసినా ఆ రెండు నిబంధనలు కొట్టేయడానికి చెయ్యి రాలేదు. లోపల ఒక భయం ఉంది. అది లాయర్లకు చెప్పుకునేది కాదు. అందుకని నాసరయ్య తాత దగ్గరికి బయల్దేరాడు. తాత పిలుస్తున్నాడని చెబితే హైమ కూడా కాదనలేక కారెక్కింది. వెనక సీట్లో గిరిధర్ ఎటూ ఉన్నాడు.

నాసరయ్య తాత అచల తత్వం బోధించే గురువు. గురువు కాకముందు తాపీమేస్త్రి. ఇప్పుడు మాత్రం కానా ఏంది అని ఆయనే అంటాడు. కొండ కింద రెండు రేకుల గదులు, ఒక వేపచెట్టు, అదే ఆశ్రమం. మొదటి క్వారీ లీజు కాగితం దగ్గర్నించీ రాఘవులు ఏ పత్రమైనా ముందు తాత పాదాల దగ్గర పెట్టి, ఆ తర్వాతే రిజిస్ట్రారు దగ్గరికి తీసుకుపోయేవాడు.

ఆ రోజు వెళ్ళేసరికి తాత పాదాలు సిమెంటులో ఉన్నాయి.

క్వారీ కూలీల పిల్లల కోసం ఆశ్రమం పక్కనే కడుతున్న బడిగదికి స్లాబు వేస్తున్నారు. సగం అయింది. ఇంతలో కాంక్రీటు పైకి చేరవేసే లిఫ్టు తెగి కూర్చుంది. ఈశాన్యాన మబ్బు కమ్ముకుని ఉంది. స్లాబు మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే అక్కడ అతుకు పడి, రేపు వాన నీళ్ళు ఆ దారినే పిల్లల నెత్తిన దిగుతాయి.

అందుకని పరంజా మెట్ల మీద మనుషుల్ని నిలబెట్టి, చేతి మీదుగా చేతికి కాంక్రీటు తట్టలు అందిస్తున్నారు. మనుషులు చాలడం లేదు.

రాఘవులు ఫైలు చేతబట్టుకుని వంగాడు. "తాతా, ఒక్క నిమిషం. దీన్ని ఆశీర్వదించండి."

తాత ఫైలు తీసుకుని, వేపచెట్టు కింద పెట్టి, ఎగిరిపోకుండా మీద ఒక ఇటుక ఉంచాడు. "ముందు ఇది కానీ. గిరీ, నువ్వు కింద తట్టలు నింపు. రాఘవులూ, నువ్వు తొమ్మిదో మెట్టు. హైమమ్మా, నాన్న పైన పదో మెట్టు నీది."

పట్టుచొక్కా చేతులు పైకి మడిచి రాఘవులు మెట్టెక్కాడు. రాళ్ళు మోసిన ఒళ్ళు. ఈ తట్టలొక లెక్కా అనుకున్నాడు.

లెక్కే అయింది. కింది నుంచి వచ్చిన తట్టను అందుకోవడం బ్రహ్మాండంగా చేశాడు. పైకి ఇవ్వడం దగ్గర పడింది పీటముడి. హైమ తట్టను పట్టుకున్నాక కూడా ఆయన వదలడు. "పట్టుకున్నావా తల్లీ? రెండు చేతులా పట్టుకున్నావా? బరువు చూసుకో" అంటూ అంచు గట్టిగా పట్టుకునే ఉంటాడు. ఆమె లాగుతుంది, ఈయన బిగిస్తాడు. తట్ట ఒరిగి సగం కాంక్రీటు మెట్ల మీద పడుతుంది. కింద అప్పటికే నాలుగు తట్టలు వచ్చి ఆగి ఉంటాయి.

"పెద్దాయనా, తట్ట వదలాల" అని పైనుంచి మేస్త్రి మాలకొండయ్య మర్యాదగానే చెప్పాడు. రెండోసారి మర్యాద కొంచెం తగ్గింది. పైన కాంక్రీటు అంచు ఎండిపోతోంది మరి.

ఆరో తట్ట ఆయన పంచె మీదే పడింది. అప్పుడు కిందనుంచి ఒక గొంతు లేచింది.

"నాన్నా, వదులు!"

గిరిధర్. వరస మొత్తం ఒక్క క్షణం ఆగి అతని వంక చూసింది. అతను కూడా తన గొంతు తానే విని కంగారుపడ్డట్టు పారతో పనిలో పడిపోయాడు.

రాఘవులు మొహం కందగడ్డ అయింది. "వదిలితే పడిపోద్దిరా. పిల్ల మీద పడితే?" అన్నాడు. నిజానికి ఆయన కోపంతో అనలేదు. భయంతో అన్నాడు.

నాసరయ్య తాత నెమ్మదిగా మెట్లెక్కి వచ్చాడు. ఎనిమిదో మెట్టు మీద ఉన్న కుర్రాణ్ణి పక్కకు తప్పుకోమని, తాను అక్కడ నిలబడ్డాడు. కిందనుంచి వచ్చిన తట్ట అందుకుని రాఘవులు చేతికిచ్చాడు.

ఇచ్చాడు గానీ వదల్లేదు.

రాఘవులు లాగాడు. ఎనభై నాలుగేళ్ళ వేళ్ళు ఇనప అంచుకు అతుక్కుపోయినట్టు ఉన్నాయి. ఇంకాస్త లాగాడు. తట్ట అటూ ఇటూ ఊగి, కాస్త తొణికింది.

"తాతా, వదలండి. నేను పట్టుకున్నా గదా."

"పట్టుకున్నావని నాకెట్టా తెలిసేది?"

"వదిలితే గదా తెలిసేది" అన్నాడు రాఘవులు చిరాగ్గా.

అనేశాక ఆ మాట ఆయనకే వినపడింది.

తాత చేతులు తీసేశాడు. తట్ట మొత్తం బరువు రాఘవులు చేతుల్లోకి వచ్చింది, ఒక్క చుక్క తొణకలేదు. ఆయన అలాగే పైకి తిరిగాడు. హైమ చేతులు చాపి ఉంది. ఆ చేతుల్ని ఆయన ఎన్నాళ్ళకో చూశాడు. రాతిపొడికి గరుకెక్కి, బొటనవేలి పక్క పాత గాటుతో, అచ్చం తన చేతుల్లాగే ఉన్నాయి.

తట్ట ఆమె వేళ్ళకు తగలగానే వదిలేశాడు.

తట్ట పడలేదు. పైకి వెళ్ళిపోయింది. ఆయన చూస్తుండగానే పదకొండు, పన్నెండు, ఆ పైన మాలకొండయ్య కాళ్ళ దగ్గరికి. ఈలోగా ఇంకోటి వచ్చి ఆయన చేతుల్లో పడింది. అదీ వెళ్ళింది. ఆ తర్వాత చూడ్డానికి తీరికే లేదు. అందుకో, తిరుగు, వదులు. అందుకో, తిరుగు, వదులు. వరస మొత్తం ఒకే మనిషిలా కదలడం మొదలైంది. ఎవరో పదం ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు. రాఘవులు గొంతు అందరికంటే పైన వినిపించింది. యాభై ఏళ్ళ కిందట క్వారీలో పాడిన పదం ఆయనకింకా గుర్తుంది.

చివరి తట్ట పెద్దవాళ్ళు పోయాలని అక్కడ ఆనవాయితీ. ఆ తట్ట తొమ్మిదో మెట్టుకు వచ్చేసరికి, "పెద్దాయనా, పైకి రాండి, మీరే పోయాల" అని మాలకొండయ్య పిలిచాడు. రాఘవులు ఒక్క క్షణం దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత హైమకు అందించాడు.

"నువ్వు పోయమ్మా."

హైమ తండ్రి మొహంలోకి చూసింది. తట్ట భుజాన పెట్టుకుని, మిగిలిన మెట్లన్నీ తానే ఎక్కి వెళ్ళి పోసింది. మాలకొండయ్య చదును చేశాడు. అందరూ కలిసి పట్టాలు కప్పేసరికి మొదటి చినుకు పడింది. వాన దంచి కొట్టింది. కొత్త స్లాబు కింద, సెంట్రింగు గుంజల మధ్య ఒదిగి నిలబడి, అందరూ తడవకుండా ఆ వానను చూశారు. రాఘవులు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు. ఆయన జీవితంలో ఎన్నో ట్రక్కుల రాయి ఓడలెక్కింది గానీ, ఇంత గెలిచినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

వాన వెలిశాక ఫైలు తెచ్చారు. అట్ట తడిసి, మీద ఇటుక ముద్ర ఎర్రగా పడి ఉంది. రాఘవులు దాన్ని తాతకు ఇవ్వలేదు. హైమకిచ్చాడు, జేబులోంచి పెన్ను తీసి అది కూడా ఇచ్చాడు.

"పద్నాలుగు, పదిహేను కొట్టేయ్."

ఆమె రెండు గీతలు గీసింది. "వీటి చోట ఏం రాయను?"

"నన్నడుగుతావేంది? ఇక ఫౌండేషన్ అధ్యక్షురాలివి నువ్వు."

గిరిధర్ గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, నాకు ఫ్యాక్టరీ వద్దు. ఈ బడి నేను చూసుకుంటా."

రాఘవులు కొడుకు వంక చాలాసేపు చూశాడు. "సరే నాన్నా" అన్నాడు.

హైమ పగలబడి నవ్వింది. బెంగుళూరు సంగతి ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు తెల్లారేసరికి రాఘవులు మళ్ళీ ఆశ్రమంలో ఉన్నాడు. ఈసారి ఒక్కడే వచ్చాడు. తాత వేపపుల్ల నములుతూ కూర్చుని ఉన్నాడు. రాఘవులు పక్కన కూలబడ్డాడు.

"తాతా, మనసు హాయిగా ఉంది. అబద్ధం చెప్పను. కానీ పొద్దున లేచాక ఫోను మోగలేదు. అన్నీ వాళ్ళ చేతికిచ్చేశాను. మరి నేనేం చేయాల? ఇన్నాళ్ళూ నన్ను లోపల తిన్నది వాళ్ళు పడేస్తారన్న భయం కాదు తాతా, ఇదే."

తాత లేచాడు. మోటారు మీట వేసి, నీళ్ళ పైపు చివర ఆయన చేతిలో పెట్టి, స్లాబు మీదికి చూపించాడు.

"ఇంకా పచ్చిది. రోజూ రెండు పూటలా తడుపు."

రాఘవులు పంచె ఎగ్గట్టి మెట్లెక్కాడు.