రెండు మాటలు దూకిన పాట

అచ్యుతం గారు పాటల కొట్టు మూసేసి అప్పటికి ఆరు నెలలు. మూసేసినాయన ఊరుకున్నాడా? ఇంట్లో రేడియో పెట్టనివ్వడు. టీవీలో పాటొస్తే కట్టేయమంటాడు. పక్కింట్లో పెళ్లికి మైకు పెడితే తలుపులేసుకుని కూర్చున్నాడు. నెల్లూరులో ముప్పై నాలుగేళ్లు రికార్డులూ క్యాసెట్లూ అమ్మిన మనిషి, పాటంటేనే మొహం తిప్పుకుంటుంటే చూసేవాళ్లకే కష్టంగా ఉండేది.

ఆయనా నేనూ ఖాదర్ షా బాబా శిష్యులం. ఒక గురువారం పొద్దున బాబా దర్గా వరండాలో చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. నేను పొట్టు ఊదుతున్నా. అచ్యుతం గారు వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బాబా, నాకొక్క మాట చెప్పండి. సాయంత్రం ఆరయితే స్పీకరు వీధి వైపు తిప్పి పెట్టేవాణ్ణి. కొనేవాళ్లు లోపలికొచ్చేవాళ్లు. ఊరికే వినేవాళ్లు మెట్ల కింద నిలబడేవాళ్లు. ఎంతమందో! షట్టరు దించిన రోజున వాళ్లలో ఒక్కడంటే ఒక్కడు వచ్చి అయ్యో అనలేదు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నా ముప్పై నాలుగేళ్లూ గాల్లో కలిసిపోయినట్టేనా?"

బాబా తలెత్తలేదు. "గేటు దగ్గర రోషన్‌బీ ఒక్కతే పూలు కడతా ఉంది. గురువారం కదా, చేతికి సాయం లేదు. పోయి కట్టు."

"నేనడిగిందేంది, మీరు చెప్పేదేంది బాబా?"

"మల్లెలు వాడిపోతాయి. పో."

అచ్యుతం గారికి కోపం ముక్కు మీదుంటుంది. అయినా బాబా మాట కాదనే ధైర్యం మాలో ఎవరికీ లేదు. గొణుక్కుంటూనే పోయాడు. తమాషా చూద్దామని నేనూ వెనకాలే వెళ్లి గేటు పక్కన చేరాను.

రోషన్‌బీకి ముప్పై దాటి ఉంటాయి. ఈయనెవరో ఆమెకు తెలీదు. "అయ్యా, ముడి అంత బిగించొద్దు, కాడ తెగుద్ది," అని ఓపిగ్గా నేర్పింది. ఆయన చేతిలో నాలుగు పూలకి రెండు నలిగిపోతున్నాయి. నాకు నవ్వాగలేదు. ఆయన చూసిన చూపుకి ఆగింది.

పని ఊపందుకున్నాక రోషన్‌బీ సన్నగా పాట ఎత్తుకుంది. పాత పాటే, నేనూ విన్నదే. అచ్యుతం గారు మొహం చిట్లించాడు. లేచిపోతాడేమో అనుకున్నా. రెండో చరణంలో ఆమె ఒక లైను సగంలోనే వదిలేసి, ఊపిరైనా తీసుకోకుండా తర్వాతి లైన్లోకి దూకేసింది.

అచ్యుతం గారి చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, అక్కడ రెండు మాటలు వదిలేశావు."

"లేదయ్యా, ఆ పాటే అంత."

"అంతెట్టా అవుద్ది?"

"మా అమ్మ అట్నే పాడేది. బీడీలు చుట్టి ఇంటికొస్తా, ట్రంకు రోడ్డులో పాటల కొట్టు ముందు నిలబడి నేర్చుకుందంట. రోజూ ఆరింటికి మొదట ఈ పాటే వేసేవాళ్లంట. నన్నూ మా తమ్ముణ్ణీ దీంతోనే నిద్రపుచ్చింది. నా బిడ్డలకి నేనూ ఇదే పాడతా. ఎవరో ఏమో, ఆ కొట్టాయన చల్లగుండాల. ఆయన పుణ్యాన మా ఇంట్లో ఒక పాటుంది."

అచ్యుతం గారు నా చెవి దగ్గరికి వంగాడు.

"కొట్టు పెట్టిన కొత్తలో చెయ్యి జారి, ఆ రికార్డు మీద ముల్లు గీసుకుపోయింది. సరిగ్గా అక్కడే ముల్లు ఎగిరి రెండు మాటలు దూకేది. ఇంకోటి తెప్పిద్దామంటే దొరకలేదు. వేసినప్పుడల్లా సిగ్గుతో చచ్చేవాణ్ణి. నా కొట్లో తప్ప ఇంకెక్కడా ఆ పాట అట్లా ఉండదయ్యా."

ఆయన కళ్లు నిండిపోయాయి. తుడుచుకుంటే చేతికున్న మల్లె రేకులు చెంపకి అంటుకున్నాయి. ఈసారి నాకు నవ్వు రాలేదు.

రోషన్‌బీ కంగారుపడింది. "ఏందయ్యా, నిజంగానే తప్పు పాడతన్నానా? ఆ రెండు మాటలూ చెప్పండి, నేర్చుకుంటా."

"వద్దు తల్లీ. నీ పాట నీకు సరిగ్గానే వచ్చింది. మీ అమ్మ పేరేంది?"

"ఖాసింబీ."

"ఖాసింబీ," అని ఆయన తనకి తనే చెప్పుకున్నాడు. "మెట్ల కింద నిలబడేవాళ్లలో ఒక్కరి పేరు కూడా నేనెప్పుడూ అడగలేదు."

బాబా ఎప్పుడొచ్చారో గానీ, గంపలో కట్టిన దండలు తీసుకుంటున్నారు. అచ్యుతం గారు గభాలున లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"బాబా, నేనెవరో ఈ అమ్మాయికి చెప్పనా?"

బాబా ఆయన చెంప మీది మల్లె రేకు తీసేశారు.

"వాళ్లు ముప్పై నాలుగేళ్లు నిలబడి విన్నారయ్యా. నువ్వు కాసేపు కూర్చుని విను."