దూది కదిలిందా?

అనగనగా, పరుపులూ బొంతలూ ఇంటి ముందే కుట్టించుకునే రోజుల్లో, ఒక మెట్ట ఊరు. ఆ ఊళ్లో గొర్రెల చెన్నప్పకు ఏడేళ్ల కూతురు ఈరమ్మ. పిలిస్తే పలకదు, నోరు మూయదు, గురక ఆపదు. ఇంట్లో ఎనుబోతును కట్టేసినావా అని ఊరంతా చెన్నప్పను ఆట పట్టించేది.

చెన్నప్పకు నవ్వు రాలేదు. ఒక రోజు వింటుంది, మూడు రోజులు వినదు. అంటే కావాలనే చేస్తోందని అతని నమ్మకం. తిట్టాడు, కొట్టాడు, పస్తు పెట్టాడు. అయినా పిలిస్తే పలకదు, నోరు మూయదు, గురక ఆపదు. చివరికి, ఎవరి మాటా విననిది మందతో కొండమీదే పడి ఉండనీ అన్నాడు. ఆ కొండమీద చిరుతలు తిరిగేవి.

ఆ వారమే దూది ఏకే సైదమ్మ వచ్చింది. ఏటా ఒకసారి విల్లు భుజాన వేసుకుని వచ్చే ముసలిది. చెన్నప్ప వాకిట్లో కూర్చుని దూది ఏకుతూ విల్లు మోగించింది. ఆ చప్పుడుకు పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు. పక్కనే మట్టిలో గీతలు గీస్తున్న ఈరమ్మ మాత్రం, వాళ్లు వచ్చి మీద పడ్డాకే తలెత్తింది.

సైదమ్మ అది చూసింది.

మధ్యాహ్నం ఈరమ్మ దూది పక్కనే నిద్రపోయింది. సైదమ్మ పిల్ల నోరు మెల్లగా మూసి, ముక్కు కింద ఒక దూది పింజ పట్టింది. పింజ కదల్లేదు. పిల్ల ఊపిరాడక ఉలిక్కిపడి లేచింది.

"ఇట్లా రాప్పా," అని చెన్నప్పను పిలిచి, అతని ముక్కు కింద అదే పింజ పట్టింది. అది ఎగిరిపోయింది.

"బిడ్డకు ముక్కు వెనక ఏదో అడ్డం పెరిగింది. చెవులకు గాలి పోయే దారీ ఆడనే, అదీ పూడింది."

"మొన్న విన్నది గదవ్వా."

"పూడిన కాలవలో గూడా ఒక్కోనాడు నీళ్లు పార్తాయి. చిరుత వచ్చిన్నాడు పారకపోతే?"

చెన్నప్ప ఈరమ్మను ఇంట్లోనే ఉంచాడు. మంద తోలుకుని ఒక్కడే కొండెక్కాడు.

మందు సైదమ్మకు తెలియదు. తెలిసినట్టు చెప్పనూ లేదు. పిల్లకు ఎదురుగా నిలబడి మాట్లాడమంది, అంతే. ఎదిగేకొద్దీ ఆ అడ్డం దానంతటదే తగ్గి, పన్నెండేళ్లు నిండేసరికి ఈరమ్మ నోరు మూసుకుని నిద్రపోసాగింది. ఆ ఏడు విల్లు మోగితే ఊరి చివర నుంచి అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది. మరుసటేడు విల్లు రాలేదు. సైదమ్మ పోయిందని కబురొచ్చింది.

ఇప్పుడు ఆ వైపు దూది ఏకేవాళ్లు లేరు. దిండులోంచి పింజ లాగి పిల్లల ముక్కు కింద పట్టి చూడటం మాత్రం ఉంది. కదలకపోతే ఆసుపత్రికి తీసుకుపోతారు. పలకని పిల్లమీద ఎవరైనా చెయ్యెత్తితే, పక్కనున్నవాళ్లు ఒక్కటే అడుగుతారు.

"దూది కదిలిందా?"

ఎత్తిన చెయ్యి దిగుతుంది.