విడిపోయినవాళ్ళ చిరునామా

పేరిశాస్త్రి గారు తిరుపతిలో నలభై ఏళ్ళు తర్కశాస్త్రం బోధించారు. అయినా శిష్యులెవరైనా సొంత జీవితంలోని చిక్కుతో వస్తే ఆయన ఏనాడూ తర్కించి ఎరగరు. విన్నంత విని, ఎక్కడికో ఒకచోటికి వెళ్ళి రమ్మనేవారు. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చి, చూసింది చూసినట్టు చెప్పాలి. అంతకు మించి పాఠం ఉండేది కాదు. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన శిష్యురాలు కాత్యాయని. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

కాత్యాయని ఆయన దగ్గర రెండేళ్ళు చదువుకుంది. తండ్రి హఠాత్తుగా పోవడంతో చదువు ఆపి, తండ్రి నడిపిన రక్తపరీక్షల ల్యాబ్ చేతుల్లోకి తీసుకుంది. ఒక గదిలో ఒక మైక్రోస్కోపుతో మొదలైన ల్యాబ్ ఆమె హయాంలో ఆరు ఊళ్ళకు పాకింది. రోజుకు నాలుగు వందల మంది వస్తారు. కానీ ఏ ఊరి కంప్యూటరు ఆ ఊరిదే. పీలేరులో పరీక్ష చేయించుకున్న మనిషి తిరుపతికి వస్తే మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఆరింటినీ ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెచ్చి, రిపోర్టులు నేరుగా డాక్టర్లకు అందేలా చేయాలని ఆమె పట్టుదల. ఆ పని చేస్తామంటూ రెండు కంపెనీలు ముందుకొచ్చాయి. ఒకటి హైదరాబాదులో పెద్దది. రెండోది నెల్లూరులో పద్నాలుగు మందితో నడిచేది.

ఒక ఉదయం ఆమె గురువుగారి ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద కూర్చుని అలసందలు ఒలుస్తున్నారు.

"ఎవరిని నమ్మాలో తెలియడం లేదు గురువుగారూ. తమ పని మెచ్చుకున్నవాళ్ళ పేర్లు ఇద్దరూ ఇచ్చారు. హైదరాబాదు వాళ్ళు ఇరవై, నెల్లూరు వాళ్ళు ఐదు. అందరితోనూ మాట్లాడాను. అందరూ బాగుందనే అన్నారు. అందరూ బాగుందంటే నాకేం తెలుస్తుంది? రేపు ఒక రిపోర్టు అటూ ఇటూ అయితే పోయేది మనిషి ప్రాణం."

ఆయన చేతిలోని కాయ ఒలవడం పూర్తి చేశారు.

"వాళ్ళతో తెగతెంపులు చేసుకున్నవాళ్ళ పేర్లు ఇచ్చారా?"

"అలాంటివి ఎవరిస్తారండీ?"

"అడుగు. ఎవరైనా ఇస్తే, వెళ్ళి ఆ మనిషిని పలకరించి రా."

హైదరాబాదు కంపెనీ నుంచి వచ్చినతను ఆ ప్రశ్నకు నవ్వాడు. "మా దగ్గరికి వచ్చినవాళ్ళు వెళ్ళడమంటూ లేదు మేడమ్," అని, ల్యాప్‌టాప్ తెర మీద తర్వాతి బొమ్మ చూపించాడు.

నెల్లూరు కంపెనీ యజమాని పేరు దేవసహాయం. యాభై దాటిన మనిషి. ప్రశ్న పూర్తిగా విన్నాడు. తర్వాత ఒక కాగితం తీసుకుని పేరూ ఊరూ రాసి ఆమె ముందుకు జరిపాడు. మదనపల్లెలో డాక్టరు చెంగల్రాయులు.

"ఆయన నన్ను తిడతారు మేడమ్. తిట్టడానికి కారణం ఉంది. అదేమిటో నేను చెబితే నాకు అనుకూలంగా చెబుతాను. ఆయన నోటనే వినండి."

ఆ సోమవారం ఆమె మదనపల్లె వెళ్ళింది. చెంగల్రాయులు గారిది పాతిక పడకల ఆసుపత్రి, దానికి అనుబంధంగా ఒక ల్యాబ్. ఓపీ అయ్యేదాకా ఆమె రోగుల మధ్యనే కూర్చుంది. చివరికి లోపలికి పిలిచాడు. దేవసహాయం పేరు చెప్పగానే ఆయన స్టెతస్కోపు తీసి బల్ల మీద పడేశాడు.

"వాడు పంపించాడా మిమ్మల్ని? ఏం మొహం పెట్టుకుని పంపాడమ్మా?"

ఆయనే చెప్పుకొచ్చాడు.

నాలుగున్నరేళ్ళ కిందటి మాట. ఒక ఆదివారం దేవసహాయం మనుషులు సాఫ్ట్‌వేర్‌లో ఏదో మార్పు చేశారు. గురువారం ఉదయం దేవసహాయం స్వయంగా ఫోను చేశాడు. 'సార్, మా వల్ల తప్పు జరిగింది. సోమవారం ఇచ్చిన రిపోర్టుల్లో పదకొండు మందివి తారుమారయ్యాయి. పేర్లు చదువుతాను, రాసుకోండి,' అన్నాడు. ఆ పదకొండు మందిలో ఒకావిడ నాలుగో నెల గర్భిణి. తనది కాని రిపోర్టు చూసి ఇచ్చిన థైరాయిడ్ మాత్రలు అప్పటికే మూడు రోజులుగా వేసుకుంటోంది.

"ఆ మాత్రలు రాసిచ్చింది నేనేనమ్మా," అన్నాడు చెంగల్రాయులు. "ముప్పై ఏళ్ళ ప్రాక్టీసులో అలా జరగడం అదే మొదటిసారి. మాత్రలు ఆపించాను. ఆవిడను ఇక్కడే పడుకోబెట్టి నాలుగు రోజులు కనిపెట్టుకుని ఉన్నాను. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. బిడ్డ బాగానే పుట్టింది."

"దేవసహాయం గారు ఏం చేశారు?"

"మధ్యాహ్నానికల్లా వచ్చి నిలబడ్డాడు. రోగులందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను. నోరెత్తలేదు. పదకొండు ఇళ్ళకీ నా వెంట వచ్చాడు. ప్రతి ఇంటి గుమ్మంలోనూ ఒకటే మాట: 'తప్పు మాది, డాక్టరు గారిది కాదు' అని. ఒక ఇంట్లో వాళ్ళు చెప్పు కూడా ఎత్తారు. దండం పెట్టి, చెప్పాల్సింది చెప్పే బయటికి వచ్చాడు."

ఆయన ఒక గుక్క మంచినీళ్ళు తాగాడు. కోపం ఇంకా తగ్గలేదు.

"అయితే మాత్రం? తప్పు తప్పే కదా! మరుసటి నెలలోనే సాగనంపాను."

"వెళ్ళేటప్పుడు ఏమైనా ఇబ్బంది పెట్టారా?"

ఆయన కిటికీ వైపు చూశాడు.

"లేదు. అది మాత్రం చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళతో పది రోజులు కూర్చుని, ఏది ఎక్కడుందో అన్నీ అప్పగించాడు. ఆఖరి రోజు నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి పాస్‌వర్డ్ మార్చమన్నాడు. నేను టైపు చేస్తుంటే తను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. 'అయిందా సార్?' అని అడిగి, నేను అయిందన్నాకే ఇటు తిరిగాడు. తర్వాత నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు."

బయట నర్సు ఎవరి పేరో పిలుస్తోంది.

"ఆ రిపోర్టులు మారిన సంగతి మీరు కనిపెట్టారా సార్, ఆయన ఫోను చేయకముందు?"

"నేనెలా కనిపెడతానమ్మా? కాగితం మీద ఆవిడ పేరే ఉంది. అంకెలు కూడా నమ్మేలాగే ఉన్నాయి." అంటూనే ఆయన స్టెతస్కోపు అందుకుని మెడలో వేసుకున్నాడు. మాటలు ముగిశాయని ఆమెకు అర్థమైంది.

లేస్తూ అడిగింది. "ఇప్పుడున్నవాళ్ళు బాగా చేస్తున్నారా?"

"భేషుగ్గా. పెద్ద కంపెనీ. కొత్త సంవత్సరానికి డైరీ, మిఠాయి పంపుతారు. నాలుగేళ్ళు దాటింది, తప్పు జరిగిందని ఒక్క ఫోను రాలేదు."

తిరుగు ప్రయాణంలో కాత్యాయని మనసు కుదురుగా లేదు. కళ్ళ ముందు ఆ గర్భిణి కదులుతోంది. తన ఆరు ల్యాబుల్లో అలాంటివాళ్ళు రోజుకు ఎంతమంది? అంత పెద్ద తప్పు చేసిన మనిషి చేతికి వాళ్ళనెలా అప్పగించడం? దారిలో రెండుసార్లు హైదరాబాదు వాళ్ళకు ఫోను చేద్దామనుకుంది. రెండుసార్లూ గోడ వైపు తిరిగి నిలబడిన మనిషే గుర్తొచ్చాడు. ఇల్లు చేరాక తనే ఒక కాగితం మీద నాలుగు షరతులు రాసింది. అందులో మొదటిది: ఏ మార్పు చేసినా, ఆ రోజు రిపోర్టుల్లో ఇరవైని తన మనుషులు చేత్తో సరిచూసిన తర్వాతే మిగతావి బయటికి వెళ్ళాలి. మర్నాడు ఆ కాగితాన్ని దేవసహాయం ముందు పెట్టింది. అతను చదివి, ఇరవై కొట్టేసి యాభై అని రాసి, సంతకం చేశాడు.

వారం తర్వాత ఆమె గురువుగారి దగ్గరికి వెళ్ళి జరిగిందంతా చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. ఆ గర్భిణి సంగతి చెప్పినప్పుడు మాత్రం ఒకసారి కళ్ళు తెరిచి, "బిడ్డ బాగుందన్నావు కదూ?" అని అడిగి మళ్ళీ మూసుకున్నారు.

"పని దేవసహాయం గారికే ఇచ్చాను గురువుగారూ. భయం పోయిందని చెప్పలేను. తప్పు చేసిన మనిషని తెలిసే ఇచ్చాను. ఆ డాక్టరు గారు మాత్రం ఇప్పుడున్నవాళ్ళతో సంతోషంగానే ఉన్నారు. నాలుగేళ్ళలో తప్పు జరిగిందని ఒక్క ఫోనూ రాలేదట."

శాస్త్రిగారు కళ్ళు తెరిచారు.

"ఒక్కటీ రాలేదా?"

"లేదండి."

ఆయన కొంతసేపు ఆమె ముఖంలోకి చూసి, మెల్లగా అన్నారు.

"అయితే అమ్మాయీ, ఈ నాలుగేళ్ళ రిపోర్టులన్నీ ఒకసారి తీయించి చూసుకోమని ఆ డాక్టరు గారికి ఈ రోజే కబురు చెయ్యి."