రోజుకో మెట్టెక్కిన సముద్రం

సాగరదుర్గం ఏలే మల్లభూపాలుడికి ఉన్నట్టుండి ఒక ముచ్చట పుట్టింది. కోట ముందున్న సముద్రం రోజురోజుకూ ఏం చేస్తోందో తనకు తెలియాలట! ఆ పని ఆస్థాన జ్యోతిష్కుడు శంభులింగ సిద్ధాంతికి అప్పగించాడు.

సిద్ధాంతికి ఎండ తగిలితే తలనొప్పి, తడి తగిలితే జలుబు. అందుకని రోజూ సూర్యోదయం వేళ ఒక్కసారి రేవుకు వెళ్లి, నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయో చూసి, గబగబా ఇంటికొచ్చేవాడు. ఆరో రోజున రాజు ఉయ్యాల ఊగుతుండగా వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా! సముద్రం రోజుకో మెట్టు ఎక్కుతోంది. పక్షం తిరిగేసరికి కోటలోకి వస్తుంది. సముద్రుడికి కోపం తెప్పించింది చేపలు పట్టేవాళ్లే. వాళ్ల పల్లె ఖాళీ చేయించండి!"

రాజుకు గుండెలు జారిపోయాయి. "రేపే చేయిస్తాను!" అన్నాడు.

ఉయ్యాల ఊపుతున్న నూకాలు చెయ్యి ఆగిపోయింది. ఆమె పుట్టింది ఆ పల్లెలోనే. తల్లీ, ముగ్గురు తమ్ముళ్లూ ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఏడుపు తన్నుకొచ్చింది. కానీ బెదిరిపోయిన రాజు ముందు ఏడిస్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. దిగమింగుకుంది.

"ఏలినవారూ, సముద్రం రోజుకు రెండుసార్లు ఎక్కుతాది, రెండుసార్లు దిగుతాది. ఆ వేళ రోజూ రెండు గడియలు ఆలస్యమవుతాది. బాబుగారు ఒక్క పూటే చూసొచ్చారు."

"ఉయ్యాల ఊపేదానివి, నాకు చెబుతావా? ఆరు రోజులు ఈ కళ్లతో చూశాను!" అన్నాడు సిద్ధాంతి, శాలువా ఎగదోసుకుంటూ.

"అయితే బాబూ, కాసేపు ఈ ఉయ్యాల ఎక్కండి. ఏలినవారు దిగి కళ్లు మూసుకోవాలి. నేను 'చూడండి' అన్నప్పుడు మాత్రం ఒక్క రెప్పపాటు తెరవాలి."

రాజుకు సరదా వేసింది. దిగాడు. సిద్ధాంతి ఎక్కాడు. నూకాలు బలంగా ఊపింది. ఊపుకు ఒక్కసారే పిలిచేది, అదీ ప్రతిసారీ కిందటిసారి కన్నా పిసరంత ఆలస్యంగా.

"చూడండి!" సిద్ధాంతి నేలకు దగ్గరగా ఉన్నాడు.

ఉయ్యాల వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. "చూడండి!" ఈసారి మూరెడు పైన ఉన్నాడు. ఆ తర్వాత రెండు మూరలు. ఆరోసారికి సిద్ధాంతి కాళ్లు దూలాల దాకా వెళ్లాయి.

"కళ్లు మూసుకునే చెప్పండి. ఏం చూశారు, ఏలినవారూ?"

"సిద్ధాంతి అంతకంతకూ పైకి పోతున్నాడు!"

"ఒక్కసారైనా దిగారా?"

"లేదే!"

"అయితే ఇక దిగరు. రేపటికి స్వర్గానికి పోతారు. ఆయన ఇల్లు మా పల్లెవాళ్లకి ఇప్పించండి!"

"దిగుతూనే ఉన్నానే తల్లీ!" సిద్ధాంతి గొలుసులు కౌగిలించుకుని కేకపెట్టాడు. "ఎక్కడం, దిగడం, ఎక్కడం, దిగడం! పేగులు నోట్లోకొస్తున్నాయి! మహారాజా, కళ్లు తెరిచి చూడండి!"

నూకాలు ఉయ్యాల పట్టి ఆపింది.

"ఆరు రోజులుగా సముద్రమూ అదే మొత్తుకుంటోంది బాబూ. తమరు విన్నారేటి?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. పల్లె జోలికి ఎవరూ పోకూడదని అక్కడికక్కడే ఆజ్ఞ వేశాడు. మెడలోని ముత్యాల హారం తీసి నూకాలు చేతిలో పెట్టాడు. సిద్ధాంతిని మాత్రం తెల్లవారినప్పటి నుంచి మళ్లీ తెల్లవారే దాకా రేవు మెట్ల మీదే కూర్చోమన్నాడు.