చెయ్యి చాచిన జోగమ్మ

హిమగిరీశ్వరుని దర్శనానికి వెళ్లే యాత్రికులు చివరి మంచువాలు దాటే ముందు జోగమ్మ గుడి దగ్గర ఆగుతారు. నాలుగు రాళ్లు పేర్చిన గుడి, తలుపైనా లేదు. అమ్మవారి కుడి చెయ్యి ముందుకు చాచి ఉంటుంది. అది అభయహస్తమూ కాదు, వరదహస్తమూ కాదు. మరేమిటని అడిగేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం గోదావరి తీరం నుంచి వేంకటావధాని, ఆయన భార్య జోగాంబ తమ ఒక్కగానొక్క కూతురు కామాక్షిని తీసుకుని చైత్రమాసంలో ఇక్కడికి వచ్చారు. మశూచి సోకిన పిల్ల బతికి బట్టకడితే స్వామికి చూపిస్తామని మొక్కుకున్నారు. జోగాంబ మడి గురించి వాళ్ల అగ్రహారంలో కథలుగా చెప్పుకునేవారు.

దారి చూపే గొర్రెల కాపరి దేబూ, వాలును తెల్లవారకముందే దాటాలని ముందురోజే చెప్పాడు. రాత్రి గట్టిపడ్డ మంచు ఎండ తగిలితే మెత్తబడి పైనుంచి జారుతుందన్నాడు. జోగాంబ తల ఊపింది. తీరా తెల్లవారుజామున చూస్తే, తడిపి ఆరేసిన మడిచీర చలికి కర్రలా బిగుసుకుపోయింది. అది ఆరనిదే నైవేద్యం వండనంది. ఆరాలంటే ఎండ రావాలి. వంట అయ్యేసరికి పొద్దెక్కింది. ఇక ఈ పూట వద్దు, రేపు వెళదామని దేబూ బతిమాలాడు. రేపటికి నైవేద్యం చద్దిదవుతుందని ఆవిడ వినలేదు. ఆవిడ పట్టుదల ఎరిగిన అవధాని మూట భుజాన వేసుకున్నాడు.

మిట్టమధ్యాహ్నం వాలు మీద కాలు మోకాలిదాకా మంచులో దిగబడుతోంది. పిల్ల బెదిరి నిలబడిపోయింది.

“అమ్మా, భయమేస్తోందే. చెయ్యి పట్టుకోవే.”

“మడి కట్టుకున్నానే, నన్ను ముట్టుకోకు. నాన్నగారి చెయ్యి పట్టుకుని ముందు నడు.”

వాళ్లు ముందు నడిచారు. పైనుంచి విరిగిపడ్డ మంచు తండ్రినీ కూతురినీ ఊడ్చుకుపోయింది. నైవేద్యం గిన్నెతో వెనక దూరంగా ఉన్న జోగాంబ మీద రవ్వంతైనా పడలేదు. మడి ఆవిణ్ణి కాపాడింది. ఇంతకన్నా పెద్ద శిక్ష యముడి దగ్గర కూడా ఉండదు.

దారి చూపుతూ ముందే అవతలికి చేరిన దేబూ పరుగెత్తుకొచ్చాడు; అతనితో కలిసి గోళ్లు ఊడేదాకా తవ్వింది. ఆషాఢంలో మంచు కరిగాక ఇద్దరూ దొరికారు. పిల్ల చెయ్యి ఒకటి తండ్రి చేతిలోనే ఉంది. రెండోది చాచి ఉంది.

ఆ రాత్రి స్వామి కలలోకి వచ్చి వరం కోరుకోమన్నాడు. ఆవిడ బిడ్డనిమ్మంది. స్వామి తల దించుకున్నాడు.

“అయితే నీ దగ్గరికొచ్చే వాళ్లకి మడి మాన్పించు, స్వామీ.”

జోగాంబ మళ్లీ గోదావరి ముఖం చూడలేదు. బతికినన్నాళ్లూ వచ్చినవారినల్లా, ఏ కులమని అడక్కుండా, చెయ్యి పట్టుకుని వాలు దాటించింది. ఆవిడ పోయాక దేబూ వంశీకులు చెయ్యి చాచిన ఈ రాతివిగ్రహాన్ని నిలిపారు.

నేటికీ ఇక్కడ స్నానం లేదు, మడి లేదు. స్వామికి రాత్రి వండిన చద్దన్నమే నివేదన. యాత్రికులు ఎండ రాకముందే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటుతారు. ఈ దర్శనానికి ఫలమేమిటని అడుగుతుంటారు. వెంట తెచ్చుకున్నవారితోనే తిరిగి ఇల్లు చేరడం. జోగమ్మకు అది దక్కలేదు.