గేదె కొమ్ములూ నక్క గుమ్మమూ

వేరుశనగ చేల మధ్య ఒక నూనె గానుగ ఉండేది. ఏ ఆసామీదీ కాదు, జంతువులదే. ఎండల్లో మాడి, వానల్లో నాని, తమ చేతులతో తాము నిలబెట్టుకున్న గానుగ. పెద్దరికం ఎద్దుది. గోదాము గేదెది. అంగడిలో అమ్మకం కోడిది. లెక్కలు మాత్రం నక్కవి.

ఆ లెక్కల కంప్యూటర్ నక్క బొరియలో ఉండేది. గోదాములోకి ఎన్ని డబ్బాలు వచ్చినా, అంగట్లో ఎన్ని అమ్ముడుపోయినా బొరియ బయట నిలబడి అరిచి చెప్పాలి. లోపల నక్క ఏం రాసుకుందో ఎవరికీ తెలియదు. పని చేసేవాళ్లు బయట, రాసేవాడు లోపల. ఎక్కడైనా ఇదే కదా తంతు!

ఎద్దు ఒకరోజు విసిగిపోయింది. సంతకు వెళ్లి కొత్త లెక్కల సాఫ్ట్‌వేర్ కొనుక్కొచ్చింది. గోదాములో ఒక కంప్యూటర్, అంగట్లో ఒకటి, నక్క దగ్గర ఒకటి. ముగ్గురూ ఎవరి చోట వాళ్లుండి ఒకే లెక్కలో రాయొచ్చు. ఒకరు రాసింది ముగ్గురికీ కనిపిస్తుంది.

నక్క మొహం మాడింది. అయినా నవ్వు పులుముకుంది.

"బాగుంది పెద్దయ్యా! కానీ ముగ్గురికి మూడు పేర్లు, మూడు పాస్‌వర్డులు ఎందుకు? మనమంతా ఒక్క ఇంటివాళ్లం. ఒక్కటి చాలు."

"చాలదు" అంది గేదె.

అందరూ తిరిగి చూశారు. గేదె నోరు తెరవడమే అరుదు.

"పుట్టిన దగ్గర్నుంచి మోస్తున్నాను. నన్ను పిలిస్తే 'ఒసేయ్ బర్రె', తోలితే 'హెయ్'. నా పని కింద నా పేరుండాలి. మా అమ్మ నాకు నీలవేణి అని పెట్టింది."

"నీలవేణా!" కోడి రెక్కలు కొట్టుకుంటూ నవ్వింది. "అక్కా, ఇన్నాళ్లూ దాచావే!"

"ఎవరైనా అడిగారా?"

కోడి నవ్వు ఆగిపోయింది. ఎద్దు తల ఊపింది. "ఎవరి పేరు వాళ్లకే పెట్టు గుమాస్తా."

చేసేదిలేక నక్క పెట్టింది. పెడుతూ పెడుతూ బెదిరించింది. "ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయండి. ఎవరు రాశారన్నదే కాదు, ఏ కంప్యూటర్ దగ్గర రాశారన్నది కూడా ఇందులో పడుతుంది. తర్వాత 'నేను రాయలేదు' అంటే కుదరదు!" ఆపైన గేదె చెవిలో మెత్తగా, "నీకు గుర్తుండదులే నీలవేణక్కా, నీ పాస్‌వర్డ్ నేనే పెట్టి ఇస్తా" అంది.

అంత తియ్యగా తన పేరు పిలిచేసరికి గేదె కరిగిపోయింది. సరేనంది. అక్కడే దెబ్బతింది.

గేదె మూతితో నొక్కితే ఒక్కసారే నాలుగు మీటలు పడేవి. అందుకని కందిపుల్ల ఒకటి పంటితో పట్టుకుని ఒక్కో అక్షరం పొడిచేది. రాసిన ప్రతి వరస చివరా 'నీలవేణి' అని వెలిగేది. అది చూసుకుని తోక ఊపుకునేది.

వేరుశనగ మంచి ధర పలికే రోజుల్లో, ఒక ఉదయం నక్క అందర్నీ కేకేసింది.

"గోదాములో పది డబ్బాల నూనె లేదు. పగిలి కారిపోయాయని లెక్కలో రాసుంది. మరి నేల మీద జిడ్డేదీ? అమ్ముకుని దొంగ లెక్క రాశారు. రాసిందెవరో చూడండి పెద్దయ్యా."

ఎద్దు చూసింది. వరస చివర 'నీలవేణి' అని ఉంది.

"నేను రాయలేదు" అంది గేదె.

"అయితే నీలవేణి ఎవరమ్మా? మీ మేనత్తా?"

ఎద్దు బరువుగా ఊపిరి వదిలింది. "పేరు నీదే తల్లీ. గోదాము తాళాలు ఇటివ్వు."

గేదె కళ్లు చెమర్చాయి. తాళాలు పోతే పోనీ. కోరి తెచ్చుకున్న పేరు ఒక్కపూటలో దొంగ పేరైంది. తాళాల గుత్తి తీసివ్వడానికి మెడ వంచబోయి ఆగింది.

"గుమాస్తా, మొదటి రోజు నువ్వే అన్నావు. ఏ కంప్యూటర్ దగ్గర రాశామో కూడా పడుతుందని. అది చదువు."

"అదిప్పుడెందుకు?"

కోడి ఎగిరి అంగట్లోని బల్ల మీద వాలింది. ముక్కుతో రెండు మీటలు పొడిచి అరిచింది. "గోదాములోది కాదు! నక్కబావ గదిలోది!"

నక్క తడుముకోలేదు. "అవును మరి. తన కంప్యూటర్ పాడైందని నా గదికొచ్చి రాసింది. జాలిపడి లోపల కూర్చోబెట్టాను."

"సరే" అంది గేదె. "ఎలా వచ్చి కూర్చున్నానో చూపిస్తా, రండి."

అందరూ బొరియ దగ్గరికి నడిచారు. గేదె తల వంచి గుమ్మంలో పెట్టింది. రెండు కొమ్ములూ రెండు పక్కలా ఠపీమని తగిలాయి. మట్టి రాలింది. ఇంకోసారి తోసింది. మెడ కాదు కదా, చెవులు కూడా లోపలికి పోలేదు.

"ఈ గుమ్మం ఇంత ఇరుకుగా తవ్వుకుంది నువ్వే. మేమెవరం లోపలికి రాకూడదని" అంది గేదె.

"అప్పుడు... అప్పుడు కొమ్ములు ఇంత లేవు!"

"మొన్నటికీ ఇవాళ్టికీ పెరిగాయా?" ఎద్దు గొంతు మోగింది.

"అయితే కోడి! కోడి దూరగలదు! అదే రాసుంటుంది!"

"నేనా?" కోడి ఎద్దు వీపు మీదికి ఎగిరి కూర్చుంది. "నీ బొరియలోకి దూరితే, నేను మళ్లీ బయటికి వస్తానా బావా?"

గానుగ గానుగంతా పగలబడి నవ్వింది. నక్క తోక కాళ్ల మధ్యకు పోయింది. ఆ డబ్బాలు పక్క అడవి తోడేలుకు అమ్ముకుని, తాను పెట్టిన పాస్‌వర్డ్‌తోనే గేదె పేరున రాశానని అప్పుడు ఒప్పుకుంది.

ఎద్దు తన మెడ మీది కాడి తీసి నక్క మెడన వేసింది. "పది డబ్బాలూ నిండేదాకా గానుగ తిప్పు. లెక్క ఎక్కడ పుడుతుందో నీకూ తెలియాలి."

బొరియలోని కంప్యూటర్‌ను బయటికి లాగించి, అందరూ చూసే పందిట్లో పెట్టించింది. గేదె కందిపుల్ల పంటితో పట్టుకుని కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుంది. తొంగి చూడబోయిన కోడికి తోకతో ఒకటి తగిలింది.

"నీలవేణక్కా, నాకు కూడా చెప్పవా?"

"నీక్కూడా చెప్పను. పో, అంగడి తెరువు!"

మెడలో తాళాలు గలగలమంటుంటే తల ఎత్తుకుని గోదాములోకి నడిచింది. ఆ తర్వాత ఆ గానుగలో ఆమెను బర్రె అన్నవాళ్లు లేరు.

నీ పని కింద నీ పేరు ఉండాలి, ఆ పేరుకు తాళం నీ దగ్గరే ఉండాలి.